చెట్టు లేని దిబ్బ

పోయిన నెలలో నాకు వీడ్కోలు సభ జరిగింది. మెడలో చామంతి దండ, భుజాల మీద శాలువా, ఒళ్ళో ఒక గోడగడియారం పెట్టుకుని వేదిక మీద కూర్చున్నాను. నెల్లూరులో మా ఆసుపత్రి ఈసీజీ గదిలో ఇన్నేళ్ళు నిలబడి పనిచేసినవాడికి అంతసేపు కూర్చోవడమే కొత్తగా ఉంది. మాట్లాడినవాళ్ళలో చివరగా మా ఆఫీసు పెద్ద గుమాస్తా లేచాడు.

“ఈయన చేసిన కార్డులు మీరంతా చూసుంటారు. శుభలేఖల మాదిరి ఉంటాయబ్బా అవి. ఒక్క మరక ఉండదు, ఒక్క వంకర ఉండదు. అట్టాంటి కార్డు చేతికిచ్చినా చదవలేక వెనకటికి ఒక డాక్టరు ఒక పడవోడి ప్రాణం తీసినాడు, ఈ ఆసుపత్రిలోనే. తీసేవాడు ఎంత బాగా తీస్తే ఏం లాభం, చదివేవాడికి కళ్ళుండొద్దా?”

అందరూ చప్పట్లు కొట్టారు. నేను రెండు చేతులూ జోడించి నమస్కారం పెట్టాను.

ఆ కథ మా ఆసుపత్రిలో చేరిన ప్రతివాడికీ మొదటి వారంలోనే ఎవరో ఒకరు చెబుతారు. నేనే పదిసార్లు విని ఉంటాను. ఒక్కసారీ దిద్దలేదు. నా వీడ్కోలు సభలో, నా పొగడ్తలో భాగంగా దాన్ని విన్నాక ఇంక ఊరుకోవడం చేతకాలేదు. ఇప్పుడు ఆ గదిలో పనిచేస్తున్న మీ ముగ్గురూ నా దగ్గర నేర్చుకున్నవాళ్ళే. మీరు దాన్ని నాలుగో మనిషికి చెప్పకముందే అసలు జరిగింది రాసిపెడుతున్నాను. ఎవరి పేర్లూ రాయను. ఎవరిని గురించో తెలిసినవాళ్ళకు పేర్లు అక్కర్లేదు, తెలియనివాళ్ళకు అంతకన్నా అక్కర్లేదు.

మీ యంత్రం ఇప్పుడు మూడు గీతలు ఒక్కసారే గీస్తుంది. యాభైల చివర్లో మా ఆసుపత్రికి వచ్చిన మొదటి యంత్రం ఒక్క గీతే గీసేది. చెక్కపెట్టెలో గడ్డి మధ్య పెట్టి మద్రాసు నుంచి లారీలో పంపారు. అంతకుముందు నేను ఎక్స్‌రే గదిలో ఫిల్ములు కడిగేవాణ్ణి. చెయ్యి నెమ్మదిగా ఉంటుందని నన్ను ఈ గదిలోకి మార్చారు. నాతోపాటు ఒక నర్సమ్మను వేశారు. కావలి వైపు క్రైస్తవుల అమ్మాయి, నాకంటే నాలుగేళ్ళు పెద్దది, నోరు కూడా అంతే పెద్దది.

మొదట్లో రోగులు ఆ గదిలోకి రావడానికే భయపడేవాళ్ళు. వెంకటాచలం నుంచి వచ్చిన ఒక పెద్దాయన కాళ్ళకూ చేతులకూ పట్టీలు కడుతుంటే లేచి కూర్చున్నాడు.

“కరెంటు పెడతారా సామీ? నేనేం నేరం చేసినా?”

“ఉట్టినే పడుకో పెద్దాయనా,” అంది నర్సమ్మ. “మేం నీకు కరెంటు ఇచ్చేది లేదు. నీ గుండె ఉత్తరం రాస్తాది, మేం అందుకుంటాం, అంతే.”

ఉత్తరం అందుకోవడం నేర్పినవారు డాక్టరుగారు. మద్రాసులో చదివి వచ్చారు. అప్పటికి ముప్పై దాటి ఉంటాయి. చొక్కా జేబులో ఎప్పుడూ ఒక డివైడరు ఉండేది, బడిపిల్లల జామెట్రీ పెట్టెలోది. దాని రెండు మొనల్నీ గీత మీద పెట్టి, మనిషి అడుగులేసినట్టు కాగితం పొడుగునా నడిపించేవారు.

మొదటిరోజు ఆయన నల్లబల్ల మీద పీ, క్యూ, ఆర్, ఎస్, టీ అని రాశారు.

“ఏ, బీ, సీలు ఎక్కడికి పోయినాయి సార్?” అన్నాను. నాది ఎస్సెల్సీ చదువు. తెలిసిన ఇంగ్లీషు అక్షరాలు మొదటినుంచి మొదలవాలని నా నమ్మకం.

“పేరు పెట్టినాయన్ని అడగాలి,” అని నవ్వారు.

వారమైనా ఆ అక్షరాలు నాకు పట్టుబడలేదు. ఏది ఎక్కడుందో తడుముకునేవాణ్ణి. ఒకరోజు విసుగొచ్చి, “సార్, నాకైతే ఇది మా ఊరి ఒడ్డు మాదిరి ఉంది,” అన్నాను. మా ఊరు విడవలూరు అవతల, సముద్రం హోరు వినపడే దూరంలో ఉంటుంది. నీళ్ళమీద నుంచి ఒడ్డుకేసి చూస్తే మాకు కనపడేది అదే: ఒక చిన్న ఇసుక దిబ్బ, దాని పక్కన నిటారుగా తాటిచెట్టు, ఆ తరువాత ఇంకాస్త పెద్ద దిబ్బ. మళ్ళీ కాస్త చదును. మళ్ళీ చిన్న దిబ్బ.

డాక్టరుగారు కాగితం కేసి చూశారు. తరువాత బల్ల మీది అక్షరాలు తుడిచేసి, నా మాటలే రాశారు.

“సరే, నీ లెక్కనే చెప్తా విను. చిన్న దిబ్బ అంటే గుండెలో పైగదులు పిలవడం. చెట్టు అంటే కిందగదులు పలకడం. ఆ పలుకే నెత్తుర్ని ఒంటికంతా తోస్తుంది. పెద్ద దిబ్బ అంటే కిందగదులు సేదదీరి మళ్ళీ పనికి సిద్ధమవడం. పిలుపుకీ పలుకుకీ మధ్య కొంచెం చదును ఉంటుంది. అది కాగితం మీద అచ్చేసిన పెద్ద గడి ఒకటి దాటకూడదు. చెట్టు సన్నగా ఉండాలి. చెట్టుకీ చెట్టుకీ మధ్య దూరం ఒక్క తీరుగా ఉండాలి. నార్మల్ అంటే ఇంతే. పిలిచిన ప్రతిసారీ పలకడం.”

ఆయన ఇంకో మాట కూడా అన్నారు. “ఇందులో ఏది తప్పినా నాకు చెప్పు. ఎందుకు తప్పిందో నువ్వు చెప్పక్కర్లేదు. తప్పిందని చెప్పు, చాలు.”

నా గుండె గీతే తీయించి, నార్మల్ ఎట్లా ఉంటుందో చూపడానికి గది గోడకు అంటించారు. ఇప్పటికీ మీరు కొత్తవాళ్ళకు చూపిస్తున్న ఆ రంగు మారిన కార్డు నాదే.

ఇక కార్డుల సంగతి. యంత్రం నుంచి కాగితం చుట్టలా బారలకొద్దీ వచ్చేది. దాన్ని కత్తిరించి, మైదా జిగురుతో అట్టకార్డు మీద అంటించి డాక్టరుగారికి పంపాలి. ఒక్కో లీడుకు, అంటే పట్టీల ఒక్కో జత నుంచి తీసే గీతకు, నాలుగు చెట్లు పట్టేంత చోటే కార్డు మీద ఉండేది. రోగి దగ్గినా, కదిలినా, పట్టీ వదులైనా గీత పిచ్చిగా పోయేది. ఫాను తిరుగుతుంటే రంపపు పళ్ళలా వచ్చేది. అందుకే ఎంత ఎండైనా ఫాను ఆపేవాళ్ళం. ఈ పనికిరాని ముక్కల్ని మేము చెత్త అనేవాళ్ళం. చెత్త కత్తిరించి, మంచి నాలుగు చెట్లు ఏరి అంటించడం నా పని. మిగతా ముక్కలు ఒక బిస్కెట్ల డబ్బాలో పడేవి. వాటి వెనకవైపు నర్సమ్మ చీటీలు రాసుకునేది.

నా చేతి చలవేమో, కార్డులు ముచ్చటగా వచ్చేవి. ఆసుపత్రికి ఎవరైనా పెద్దవాళ్ళు వస్తే డాక్టరుగారు వాటిని తీసి చూపించేవారు. నాకు అందులో ఎంత గర్వం ఉండేదంటే, చెత్త కాకపోయినా కొంచెం అందం తక్కువైన చెట్టును కూడా వదిలేసి, దాని పక్కన ఉన్న మంచి చెట్టును తీసుకునేవాణ్ణి. దాన్ని ఎవరూ తప్పనలేదు. తప్పని నాకూ తోచలేదు.

అరవైల మొదట్లో ఒక ఎండాకాలం. పడవ మనిషి రావడానికి వారం ముందు ఒక చిన్న సంగతి జరిగింది. చిన్నదే, కానీ అది చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఒక బట్టల వ్యాపారికి ఈసీజీ తీస్తుంటే మొదటి లీడులో దిబ్బలూ చెట్లూ అన్నీ తలకిందులుగా వచ్చాయి. కాగితం పట్టుకుని వార్డులో రౌండ్లు చేస్తున్న డాక్టరుగారి దగ్గరికి పరుగెత్తాను.

“సార్, చెట్లన్నీ తలకిందులైనాయి సార్!”

ఆయన వచ్చి చూశారు. రోగి మొహం కాదు, చేతులు చూశారు. కుడిచేతి పట్టీ ఎడమచేతికి, ఎడమచేతిది కుడిచేతికి కట్టి ఉంది. కట్టింది నేనే.

వార్డంతా నవ్వింది. డాక్టరుగారూ నవ్వారు. “నిమిషం ఆలస్యమైతే నువ్వే వైద్యం మొదలుపెట్టేవాడివయ్యా,” అన్నారు. ఆ మాట చాలు నర్సమ్మకు. ఆ రోజు నుంచి నేను గదిలోకి వస్తే చాలు, “చిన్న డాక్టరుగారొచ్చినారు, లేవండమ్మా లేవండి,” అనేది. వంటగదివాళ్ళూ అందుకున్నారు. రోగుల చుట్టాలు నిజమనుకుని నాకు దండాలు పెట్టారు. నాకు తలకొట్టేసినట్టయింది. ఖాయంగా తెలియనిదేదీ ఇక ఆయన ముందుకు తీసుకుపోకూడదని గట్టిగా అనుకున్నాను.

పడవ మనిషి భార్యతో కలిసి ఉదయం మొదటి బస్సులో వచ్చాడు. ముప్పై అయిదేళ్ళుంటాయి. బకింగ్‌హామ్ కాలువలో సరుగుడు కట్టెలూ ఉప్పూ మద్రాసుకు వేసుకుపోయే పడవల్లో గెడ వేసేవాడు. పడవ అంచు మీద ముందునుంచి వెనక్కి నడుస్తూ, గెడను రొమ్ముకు ఆనించి తోయడం ఆ పని. డాక్టరుగారు అడిగితే చెప్పిన మాటలు నాకు ఇప్పటికీ గుర్తే.

“కళ్ళు తిరగడం గూడా లేదు సారూ. గెడేసి తోస్తా ఉండా. మల్లీ చూస్తే నీళ్ళల్లో ఉండా. మధ్యలో ఏం జరిగిందో నాకు తెలవదు.”

“రెండుసార్లు అయింది సారూ ఈ నెల్లో,” అంది భార్య. “మొకం సున్నం కొట్టినట్టు తెల్లంగా పోయింది. పైకి లాగినాక ఎర్రంగా అయింది. పడవ ఆసామి ఎక్కనీడంట. డాక్టరు కాయితం తెచ్చుకుంటేనే రమ్మన్నాడు.”

డాక్టరుగారు నాడి పట్టుకుని చాలాసేపు ఉన్నారు. బాగానే కొట్టుకుంటోంది. నన్ను పక్కకు పిలిచారు. “ఇది మూర్ఛ కావచ్చు, ఎండదెబ్బ కావచ్చు. గుండె మధ్య మధ్యలో ఆగుతూ ఉండవచ్చు. అదయితే ప్రమాదం. రెండో లీడు పొడుగ్గా తియ్యి. తొందరపడొద్దు.”

గెడ ఆని ఆని అతని రొమ్ము కాయకట్టి ఉంది. గాలి పీల్చి రొమ్ముకు అంటుకునే రబ్బరు బుడ్డి ఒక పట్టాన అతుక్కోలేదు.

“ఏం పీల్చుకుంటాది సామీ ఇది?”

“ఏం పీల్చుకోదు. కదలకుండా పడుకో.”

“పీల్చుకున్నా ఏం దొరుకుతాదిలే, ఉప్పుగాలి తప్ప.”

అతని మాటకు భార్య నవ్వింది. నేనూ నవ్వాను. రెండో లీడు మొదలుపెట్టాను. చిన్న దిబ్బ, చెట్టు, పెద్ద దిబ్బ. ఒక్క తీరుగా వస్తున్నాయి. బారెడు కాగితం వచ్చింది. చిన్న దిబ్బ, చెట్టు, పెద్ద దిబ్బ. తరువాత చిన్న దిబ్బ వచ్చింది. చెట్టు రాలేదు. సూది చదునుగా సాగిపోయింది. మళ్ళీ చిన్న దిబ్బ, ఈసారి చెట్టు, పెద్ద దిబ్బ, ఏమీ జరగనట్టు.

“ఏందో మెట్టు తప్పినట్టుండింది సామీ లోపల,” అన్నాడతను, తల కొంచెం ఎత్తి.

“కదలొద్దన్నానా!” అన్నాను.

యంత్రం ఆపి కాగితం చించాను. మనిషి కదిలాడు, మాట్లాడాడు, అందుకని గీత చెడింది, ఇది చెత్త. ఇట్లా అనుకున్నాను. కానీ అతను కదిలింది తరువాత. గీత ఆగింది ముందు. పైగా కదిలితే గీత పిచ్చిగా పోతుంది కానీ, అంత శుభ్రమైన చిన్న దిబ్బ గీసి, అంత శుభ్రంగా చదునుగా పోదు. ఇది నాకు అప్పుడే తెలుసు. డాక్టరుగారి దగ్గరికి తీసుకుపోదామని రెండడుగులు వేశాను కూడా.

నర్సమ్మ తలుపు దగ్గర నిలబడి ఉంది. “చిన్న డాక్టరుగారూ, కానీండి, బయట ఇంకా ముగ్గురుండారు.”

అది ఎప్పటి పరాచికమే. ఆమెకు ఏమీ తెలియదు. నేను వెనక్కి వచ్చి బల్ల ముందు కూర్చున్నాను. మా ఊరి ఒడ్డున చెట్టు లేని దిబ్బలు ఎన్ని లేవు, ఒకటి లేకపోతే ఏమైంది, అనుకున్నాను. నిజంగానే ఆ మాట నా మనసులోకి వచ్చింది. గుర్తుపెట్టుకోవడానికి నేను పెట్టిన పేర్లే నాకు ఆ క్షణంలో అడ్డం వచ్చాయి. పిలుపు వచ్చి పలుకు రాలేదు అనుకుని ఉంటే నా కాళ్ళు ఆగేవి కావు. దిబ్బ ఉంది, చెట్టు లేదు అనుకున్నాను. అట్లా అనుకుంటే అది ఒట్టి ఇసుక.

కత్తెర తీసుకున్నాను. ఆ చోటుకు ముందు వచ్చిన నాలుగు మంచి చెట్లు కత్తిరించి కార్డు మీద అంటించాను. మిగతాది డబ్బాలో వేశాను. కార్డు ఆరడానికి పెడుతుంటే అతని భార్య బల్ల దగ్గరికి వచ్చింది.

“నిజం చెప్పు సామీ. ఆ కాయితంలో ఏవుండాది?”

చెప్పడం నా పని కాదు. డాక్టరుగారు చెబుతారమ్మా అనాలి. అదే అంటూ ఉంటాను అందరితోనూ. ఆమెతో మాత్రం, “అంతా బాగుందమ్మా,” అన్నాను.

డాక్టరుగారు డివైడరుతో కార్డు మీద రెండుసార్లు నడిచారు. తప్పేమీ లేదు. నార్మల్ అని రాసి సంతకం పెట్టారు. వేళకు తిండి తినమనీ, నడి ఎండలో కాసేపు ఆగమనీ చెప్పి చీటీ ఇచ్చారు. అతను చీటీ మడిచి రుమాల్లో కట్టుకుని, గది బయట నుంచే నాకు చెయ్యెత్తాడు. “మా రేవుకాడికి రా సామీ ఒకసారి, చేపల పులుసు పెట్టిస్తా.”

కార్డు మీద నార్మల్ అని రాసింది డాక్టరుగారు. నార్మల్‌గా చేసింది నేను. నేను దిద్దాలనుకున్నది ఈ రెండు వాక్యాలే. మిగతాది కూడా చెప్పాలి కనుక చెబుతున్నాను.

మూడు వారాలకు ఆమె ఒక్కతే వచ్చింది. డాక్టరుగారు అప్పుడు మా గదిలోనే ఉన్నారు. ఆమె చేతిలో రుమాలు ఉంది. విప్పి చీటీ బల్ల మీద పెట్టింది. నీళ్ళలో తడిసి ఆరి అట్టలా అయింది. సంతకం అలుక్కుపోయింది.

“ఇది మీరిచ్చిందే గదా,” అంది.

డాక్టరుగారు ఏమైందమ్మా అన్నారు.

“మల్లీ అట్నే పడినాడు. పడవ ఆయన మీదనించే పోయింది.”

ఏడవలేదు. అరవలేదు. ఆమె డాక్టరుగారి కేసి చూడటం లేదు, నా కేసి చూస్తోంది. “బాగుండాదంటివే,” అంది.

నేను తల వంచుకున్నాను. డాక్టరుగారు ఆ మాట తననే అన్నదనుకున్నారు. “అవునమ్మా. అన్నాను,” అన్నారు.

ఆమె వెళ్ళాక కార్డు తెప్పించారు. కిటికీ దగ్గర నిలబడి డివైడరుతో మళ్ళీ మళ్ళీ నడిచారు. చివరకు నన్ను అడిగారు.

“రెండో లీడు ఎంత తీశావు?”

“బారెడు పైనే సార్.”

“మిగతాది?”

“పారేశాను సార్.”

“అందులో ఏమన్నా కనపడిందా నీకు? బాగా గుర్తు తెచ్చుకో.”

“లేదు సార్.”

ఆయన నన్ను నమ్మారు. నేను అబద్ధం చెబుతానేమోనన్న అనుమానం కూడా ఆయన మొహంలో లేదు. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక డబ్బా బోర్లించి వెతికాను. మూడు వారాల ముక్కల్లో అడుగున ఉంది, నర్సమ్మ ఇంకా దానిమీద చీటీ రాయలేదు. అప్పుడు కూడా పరుగెత్తి ఇచ్చి రాగలిగేవాణ్ణే. ఆయన ఇల్లు ఆసుపత్రి ఆవరణలోనే. ఉద్యోగం పోతుందని భయపడ్డానని చెప్పుకుంటే కొంచెం గౌరవంగా ఉంటుంది. అసలు భయం అది కాదు. మొదట సిగ్గుపడ్డ పిలుపే అయినా, చిన్న డాక్టరుగారు అని ఇంకెప్పుడూ నవ్వుతూ పిలవరని భయపడ్డాను.

పడవ ఆసామి పెద్దవాళ్ళతో వచ్చి గొడవ చేశాడు. ఆసుపత్రి పెద్దలు డాక్టరుగారిని కూర్చోబెట్టి అడిగారు. ఆయన ఎవరి మీదా ఏమీ పెట్టలేదు. అతను చెప్పింది విన్నప్పుడే అనుమానం వచ్చింది, నాలుగు రోజులు ఉంచుకుని చూడాల్సింది, ఉంచలేదు, తప్పు నాదే అన్నారు. రెండు నెలల్లో ఉద్యోగం మానుకున్నారు. పోయేరోజు మా గదికి వచ్చి, బీరువాలో నుంచి ఆ కార్డు తీసి సంచిలో పెట్టుకున్నారు. “ఇది నా దగ్గర ఉండనీ. ఏం చూడలేకపోయానో చూడాలి,” అన్నారు.

ఆ రోజుల్లో అట్లాంటి గుండెకు పెద్ద మందులేమీ లేవు. ఈ మాట నేను చాలా ఏళ్ళు తల కింద దిండులా పెట్టుకున్నాను. కానీ పడవ అంచు మీద నడవొద్దని చెప్పడానికి మందు అక్కర్లేదు. అతను చచ్చింది గుండె ఆగి కాదు. అది మళ్ళీ కొట్టుకునే ఉంటుంది, ఎప్పటిలాగే. అప్పటికి అతను నీళ్ళలో ఉన్నాడు.

డాక్టరుగారు కోట అనే ఊళ్ళో సొంతంగా వైద్యం పెట్టుకున్నారు. జ్వరాలు, కాన్పులు, పాముకాట్లు. అక్కడి నుంచి ఈసీజీ కోసం రోగుల్ని మా దగ్గరికే పంపేవారు. ఆయన రాత నాకు తెలుసు. ప్రతి చీటీలోనూ రెండు వాక్యాలుండేవి: ఈసీజీ తీయగలరు. అక్కడి డాక్టరుగారి చేత చదివించి ఫలితం పంపగలరు. మద్రాసులో గుండె గీతలు చదవడం నేర్చుకుని, నాకు నేర్పిన మనిషి! ఆ రెండో వాక్యాన్ని నేను వందలసార్లు చదివి ఉంటాను. చదివిన ప్రతిసారీ చీటీని ఫైలులో పెట్టి పట్టీలు కట్టాను.

ఆమె కోసం ఒకసారి రేవుకు వెళ్ళాను. అప్పటికి పడవలు తగ్గిపోయాయి. తమిళదేశం వైపు ఎవరో చుట్టాల దగ్గరికి పోయిందన్నారు. ఎంత గట్టిగా వెతికానని అడిగితే, గట్టిగా వెతకలేదనే చెప్పాలి.

వీడ్కోలు సభ అయిన మూడోరోజు కోట బస్సు ఎక్కాను. ఆ ముక్క నా ఎస్సెల్సీ పుస్తకంలో ఇన్నేళ్ళూ ఉంది. నాలుగు వేళ్ళ వెడల్పు కాగితం.

వీధి గదిలో డాక్టరుగారు రోగుల్ని చూస్తున్నారు. జుట్టు పూర్తిగా తెల్లబడింది. గడపలో నన్ను చూసి ఒక్క క్షణం ఆలోచించి, మొహమంతా నవ్వుతో, “చిన్న డాక్టరుగారా!” అన్నారు.

నేను కూర్చోలేదు. ముక్క తీసి ఆయన ముందు బల్ల మీద పెట్టాను. “ఆ పడవ మనిషిది సార్. రెండో లీడు. నేను కత్తిరించినాను. చూసే కత్తిరించినాను.”

ఆయన కళ్ళద్దాలు సర్దుకుని వంగి చూశారు. ఆ తరువాత లేచి లోపలికి వెళ్ళారు. తిరిగొచ్చేటప్పుడు చేతిలో కార్డు ఉంది. అంచులు నలిగి, జిగురు పసుపెక్కి ఉంది. ఎన్నిసార్లు తీసి చూశారో ఆ అంచులే చెబుతున్నాయి. ముక్కను తీసుకుని రెండో లీడు పక్కన ఆనించారు. నా కత్తెర కొంచెం ఏటవాలుగా పోయింది ఆ రోజు. రెండు వాలులూ కలిశాయి. గడులు గడులకు అతికాయి.

జేబులో నుంచి డివైడరు తీశారు. చిన్న దిబ్బల మీద నడవడం మొదలుపెట్టారు.

“చదువు,” అన్నారు.

“సార్?”

“అప్పుడు చదివేవాడివి కదా, నీ లెక్కలో. మొదట్నుంచి చదువు.”

వేలు పెట్టాను. “చిన్న దిబ్బ, చెట్టు, పెద్ద దిబ్బ. చిన్న దిబ్బ, చెట్టు, పెద్ద దిబ్బ.” కార్డు మీది నాలుగూ అయ్యాయి. వేలు కత్తిరింపు దాటింది. ఇంకో రెండు చెట్లు వచ్చాయి. “చిన్న దిబ్బ,” అన్నాను.

ఆయన డివైడరు ఆ దిబ్బ మీద ఆపి ఎదురుచూశారు. వరండాలో ఎవరో బిడ్డను సముదాయిస్తున్నారు.

“చెట్టు లేదు సార్.”

“ఊఁ,” అన్నారు. డివైడరు కింద పెట్టి, “ఇన్నేళ్ళూ ఈ కార్డులో వెతుకుతున్నాను నేను,” అన్నారు.

పర్వాలేదు అనలేదు. నన్ను తిట్టనూ లేదు. కార్డునూ ముక్కనూ సొరుగులో పెట్టి, బయటికి చూసి తరువాతి రోగిని పిలిచారు. ఒక ముసలాయన వచ్చి కూర్చున్నాడు. నడిస్తే గుండెలో పట్టేసినట్టు ఉందన్నాడు. డాక్టరుగారు నాడి చూసి, చీటీ రాసి, మడిచి, ముసలాయనకు కాకుండా నా చేతికిచ్చారు.

“నెల్లూరికే కదా పోతావు. ఈయన్ని మీ ఆసుపత్రికి వెంటబెట్టుకుపో.”

బస్సులో ముసలాయనకు కిటికీ పక్క చోటు ఇచ్చి, చీటీ విప్పాను. అదే రాత, రెండే వాక్యాలు. ఈసీజీ తీసి నాకు పంపగలరు. కాగితం కత్తిరించవద్దు.